మల్లీ మొదట్నుంచీ: సటీకా తాత్పర్యము

మూలము: ఒరే గుంటడా, ఇటు తిరుగు. గట్టిగా సెప్పు. సేతులు ఆడించకు. మల్లీ మొదట్నుంచీ.

అవతారిక. మాకవరపాలెం మండలంలో ఒకానొక హైస్కూలు. పంద్రాగస్టు దగ్గర పడింది. తొమ్మిదో తరగతి వాళ్లు అల్లూరి సీతారామరాజు నాటకం వేస్తామన్నారు. (కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉన్న ప్రాంతమాయె, ఇక్కడి పిల్లలకు మరో నాటకం తోచదు.) నాటకానికి పీరియడు లేదు గనుక ఆటల పీరియడు అరువు తెచ్చుకుని, ముఖానికి ఏనాడూ రంగు పూయని శిష్యులకు తెలుగు మాస్టారు పై వాక్యాన్ని ఉపదేశించారు. పరంపర పెద్దదే. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. నాట్యశాస్త్రంలో భరతుడు 36 అధ్యాయాల్లో (37 అనే పాఠమూ కలదు) చెప్పినది ఇక్కడ నాలుగు ముక్కల్లో ఇమిడినందున వ్యాఖ్య అవసరమైంది.

తాత్పర్యం చివర రావలసినది. అయితే మార్కులు దానికే గనుక పిల్లలు ముందు అదే అడుగుతారు. అబ్బాయీ, జనం కూర్చునే వైపు తిరిగి, వెనక వరసకు వినపడేలా పలుకుతూ, చేతులు కుదురుగా ఉంచు. ఇప్పుడు చేసింది బాగోలేదు, ఇంకోసారి చెయ్యి. ఇక టీక.

ఒరే గుంటడా: సంబోధన. ఈ సీమలో మగపిల్లవాడిని పిలిచే తీరు. ఇందులో కోపం లేదు, ప్రేమ ఉందని రూఢిగా చెప్పనూ లేము. 'ఆడపిల్లలకు ఈ ఉపదేశం వర్తించదా?' అని శంక. అవసరం లేదు. వాళ్లు అప్పటికే ఇటు తిరిగి, గట్టిగా చెప్పి, అరుగు మీద కూర్చుని మగపిల్లల వంక చూసి నవ్వుతున్నారు.

ఇటు తిరుగు: సులభము.

గట్టిగా సెప్పు: తెలుగు మాస్టారి నోట 'సెప్పు' ఏమిటని పండితులు ఆక్షేపిస్తారు. వారు 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ఆడిన కన్యాశుల్కాన్ని తలచుకుని శాంతించాలి. జనం మాట్లాడే మాటకు రంగస్థలం మీద పీట వేసింది ఈ ఉత్తరాంధ్రే. గుంటడికి మాత్రం ఈ సంగతి పట్టదు. రాజు వేషం ఇస్తామనగానే వాడు 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' సినిమాలోని హీరో కృష్ణ గొంతు తెచ్చుకుంటాడు. రాజు మీదికి వచ్చిన తెల్లదొర రూథర్‌ఫర్డ్ వేషానికి ఎవడూ ముందుకు రాడు. ఆ సినిమాలో ఆ దొర వేషం కట్టింది జగ్గయ్యరా, అంతటి గొంతు తెలుగు తెర మీద అరుదురా అని బతిమాలినా లాభం లేక, చివరికి ఆ రోజు బడికి రాని పిల్లవాడికి అది ఖాయం చేస్తారు.

గట్టిగా ఎందుకు? మనుషులు ఆడే నాట్యమండపానికి భరతుడు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు విధించాడు. మూర అడుగున్నర చొప్పున పొడవు 96 అడుగులు. అంతకు మించితే మాట చెదిరిపోతుంది, ముఖంలోని భావం ఆనదు అన్నాడు. హైస్కూలు గ్రౌండుకు ఈ కొలత చెబితే పీఈటీ మాస్టారు నవ్వుతారు. పైగా గోడవతల నర్సీపట్నం బస్సు హారను. మైకు పెట్టవచ్చు కదా అంటారేమో, పెట్టి చూశారు. ఉన్నది ఒకటే మైకు కావడంతో పాత్రలన్నీ దాన్నే పట్టుకుని వేలాడాయి. మన్యం పోరాటం మొత్తం స్టాండు చుట్టూ రెండడుగుల్లో జరిగిపోయింది.

సేతులు ఆడించకు: టీకాకారుడు ఆగవలసిన చోటు ఇది. శాస్త్రంలో అసంయుత హస్తాలు 24, సంయుతాలు 13. గుంటడికి ఉన్నవి రెండు, అవీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియవు. ఒకటి జేబులోకి పోతుంది, రెండోది చొక్కా అంచు నలుపుతుంది. ఆంగికం ఇలా ఉండగా, అభినయాలు నాలుగింటిలో మిక్కిలి కష్టమని పేరుపడిన సాత్వికం మాత్రం వీడికి నేర్పకుండానే వచ్చు. కాళ్లు కదలవు: స్తంభం. చొక్కా తడుస్తుంది: స్వేదం. చేతి మీద వెంట్రుకలు లేస్తాయి: రోమాంచం. గొంతు పగులుతుంది: స్వరభేదం. వణుకు వేపథువు, ముఖం పాలిపోతే వైవర్ణ్యం. మాస్టారు ఇంకోసారి కసిరితే అశ్రువు. ఎనిమిదోదైన ప్రళయం, అనగా స్పృహ తప్పుట, ఎండలో ప్రార్థన సాగదీసిన రోజున చూడవచ్చు. భావానికి లోటు లేదన్నమాట. ఆ భయం గుంటడిది, కావలసింది రాజుగారి ధైర్యం, అదే చిక్కు.

ఇక్కడ టీకాకారుడు మూలకారునితో విభేదిస్తున్నాడు. ఆడించకు అంటే చేతులు తొడలకు అతుక్కుని, రాజు ఎన్‌సీసీ కేడెట్టు అవుతాడు. రష్యా దేశపు నాట్యాచార్యుడు స్తనిస్లావ్‌స్కీ 1936లో ఇంగ్లీషులో వెలువడిన పుస్తకంలో ఒక పాఠం చెప్పాడు. తెర మడతల్లో గుచ్చిన పిన్ను వెదకమంటే శిష్యురాలు గుండెలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తి మహా బాధ నటించింది. పిన్నేదమ్మా అంటే, మరిచేపోయింది. దొరక్కపోతే బడి మానాల్సిందే అన్నాక నిజంగా మడత మడతా వెదికింది. గురువుకు నచ్చింది రెండోదే.

మనకు పిన్ను అక్కర్లేదు, మిరపకాయ ఉంది. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన తర్వాత రాజు బాణానికి మిరపకాయ కట్టి ముందుగా కబురంపి మరీ వచ్చేవాడనీ, దానికి మిరపకాయ టపా అని పేరనీ ఇక్కడ చంటిపిల్లలకూ తెలుసు. కనుక 'సేతులకి పనియ్యి' అని పాఠం సవరించి, మధ్యాహ్న భోజనం వంటశాల నుంచి ఒక ఎండుమిరపకాయా, దారమూ, వెదురు బాణమూ తెప్పించాలి. విదిలించినా ఊడకుండా కట్టు, కడుతూ డైలాగు సెప్పు అనాలి. మొదటి ముడి జారుతుంది. కళ్లు ముడి మీద, బుద్ధి ముడి మీద. ఆ పరధ్యానంలో వాడి నోట కృష్ణ గొంతు మాయమై 'రేపొత్తన్నాం, కాసుకోమని సెప్పు' అని సొంత గొంతు వస్తుంది. నాటకం ప్రతిలో డైలాగు ఇలా లేదు. దిద్దరాదు.

ఆ చేత్తోనే వాడు కళ్లు నులుముకుంటాడు. ఈ కన్నీరు సాత్వికమేనా? అశ్రువుకు కారణాలు చెబుతూ భరతుడు పొగనూ కాటుకనూ కూడా చేర్చాడు. మిరపకాయను చేర్చలేదు. పోర్చుగీసువాళ్ల వెంట అది మన దేశానికి దిగింది ఆయన పోయిన ఎన్నో వందల ఏళ్లకు.

మల్లీ మొదట్నుంచీ: మొదలు ఎక్కడ? రాజు ప్రవేశమని కొందరు, రాజు అనుచరుడు గంటందొర ఈల అని కొందరు. బాణానికి కట్టిన ముడి విప్పడమే మొదలని మా మతం, విప్పనిదే మళ్లీ కట్టలేరు గనుక. అయితే రూథర్‌ఫర్డ్ మంచినీళ్లకని వెళ్లి ఇంకా రాలేదు. వచ్చాడు. టోపీ ఏదిరా అంటే కుళాయి దగ్గర మరిచాడు. తెచ్చాడు. గుంటడు ఇటు తిరిగాడు, ముడి విప్పాడు, దారం పళ్ల మధ్య పెట్టుకుని నోరు తెరిచాడు...

(ఇచట గ్రంథపాతము. లాంగ్ బెల్లు కొట్టిరి.)