అడ్మిన్లు మాత్రమే మాట్లాడుదురు

సికింద్రాబాద్‌లో సార్లు మారిపోయారు. క్లాసులో "ఎవడ్రా నవ్వింది?" అని ఉరిమిన గొంతే వాట్సాప్‌లో "హాయ్ చాంప్స్" అని పలకరిస్తోంది. గురుశిష్యుల మధ్య గోడలు కూలిపోయాయట. చాలా సంతోషం.

ఈ స్నేహం కరోనా కాన్పు. 2020 సెప్టెంబరు 1న సర్కారు బడి పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు పిల్లలకు జూమ్ దిక్కయింది. ఎవరు విన్నారో, ఎవరు నిద్రపోయారో ఆరా తీయడానికి తరగతికో వాట్సాప్ గ్రూపు వెలిసింది. కరోనా పోయింది, గ్రూపు పోలేదు.

తెల్లారి ఐదున్నరకే మారేడుపల్లి నుంచి మెట్టుగూడ దాకా అమ్మల ఫోన్లలో వివేకానందుడు ప్రత్యక్షం. 1893లో ఆయన ఇక్కడి మహబూబ్ కాలేజీలో మాట్లాడి వెళ్లారు. సారు పంపిన బొమ్మ కింది సూక్తి మాత్రం ఆయన ఎక్కడా అని ఉండరు. రాత్రి పదకొండుకు మరో మెసేజ్: "రేపు టెస్ట్, నాలుగో చాప్టర్. స్వీట్ డ్రీమ్స్!" ఆ పూట కలలోకి ఏమొస్తుందో వేరే చెప్పాలా?

ఇంత చనువు చూసి ఓ అమాయకుడు "ఓకే బ్రో సార్" అన్నాడు. మర్నాడు అసెంబ్లీలో నిలబెట్టి సంస్కారం మీద అరగంట దంచారు. గ్రూపుకు తాళం పడింది. అడ్మిన్లు తప్ప ఎవరూ నోరెత్తకుండా చేసే ఈ సదుపాయాన్ని వాట్సాప్ 2018లోనే తెచ్చింది. మన బళ్ల కోసమే కనిపెట్టారేమో! ఇప్పుడు సారు "ఎనీ డౌట్స్, ఫ్రెండ్స్?" అంటారు. ఫ్రెండ్స్‌కు టైపు చేసే వీలు లేదు. "నో డౌట్స్, గుడ్" అని ఆయనే మెచ్చుకుంటారు.

జ్వరమొచ్చి సెలవు కావాలంటే పిల్లాడు విడిగా "రెస్పెక్టెడ్ సర్" నుంచి "యువర్స్ ఒబీడియెంట్లీ" దాకా రాయాలి. సారు జవాబు "కె". ఒక్క అక్షరం. ఎలా ఉందిరా అన్న మాట లేదు.

పాపం, సారుకు రాయడం రాదనుకునేరు! ఫీజు గడువు రానివ్వండి. "డియర్ పేరెంట్" అంటూ నిండు వాక్యాలు, తేదీ, ఆలస్య రుసుము, చివర్న "విత్ వార్మ్ రిగార్డ్స్". అక్షరం పొల్లుపోదు. మర్యాద లేక కాదు, డబ్బు కట్టేవాళ్లకని దాచిపెట్టారు.

సార్, మీ స్నేహం మాకొద్దు. పగటిపూట, పూర్తి వాక్యంలో, పిల్లాడి డౌటుకు జవాబివ్వండి చాలు. "రెస్పెక్టెడ్" అని మీరు దగ్గరుండి రాయించే పని తప్పుతుంది.