దాచండి, కానీ గాలాడనివ్వండి

మా రోజుల్లో కారులో పాటలు పెట్టించుకున్నవాడు అవి నలుగురికీ వినపడాలనే కాదు, ఆ సామానంతా నలుగురికీ కనపడాలని కూడా కోరుకునేవాడు. అంబాసిడర్ వెనక అద్దం కింద పలక మీద రెండు స్పీకరు పెట్టెలు, డాష్‌బోర్డు కింద లైట్లు ఎగిరిపడే ఈక్వలైజరు, దాని వీపున నల్లటి అల్యూమినియం రెక్కలతో హీట్ సింకు. ఏదీ దాచేవాళ్లం కాదు. ఇప్పుడు కారు తెచ్చిన ప్రతి కుర్రాడిదీ మొదటి మాట ఒకటే: "బాబాయ్, ఆంప్ మాత్రం కనపడకూడదు." ఏ పాటలు వింటాడు, ఎంత మోగాలి, ఎండల్లో ఎంత దూరం తిరుగుతాడు, ఇవన్నీ తర్వాతి మాటలు. వెనక సీటు వెనకాల బిగించేసి, పైన కార్పెట్ వేసి మూసెయ్యమంటాడు.

దాచడం తప్పని నేననను. ఆంపు, అంటే ఆంప్లిఫైయరు, కనపడితే దొంగ కళ్లు పడతాయి. డిక్కీలో పెట్టెలూ బస్తాలూ వేసేటప్పుడు వైర్లు తెగుతాయి. ఇంట్లో ఆడవాళ్లు సామాను పెట్టుకోవడానికి చోటు లేదంటారు, అది న్యాయమైన మాటే. వెనక సీటు వెనకాల చోటు కూడా మంచిదే. ముందు సీటు కింద పెడితే కాళ్ల దుమ్ము, ఒలికిన నీళ్లు దాని మీదే పడతాయి. స్టెప్నీ గుంటలో పెడితే వానాకాలం తడి చేరుతుంది. సీటు వెనక ఆ బెడదలు లేవు. నా బాధల్లా ఒక్కటే. ఆంపు ఎక్కడ దాక్కుంటుందో చూస్తున్నారు గానీ, దాని వేడి ఎక్కడికి పోతుందో ఎవరూ చూడటం లేదు. ఆంపును దాచొచ్చు. వేడిని దాచలేం.

మా కాలంలో పని నేర్పిన పెద్దలు ముందు వేడి గురించే చెప్పేవాళ్లు. 2ఎన్3055 ట్రాన్సిస్టరు బిగించాలంటే, కింద మైకా షీటు పెట్టి, దానికి రెండు వైపులా తెల్ల పేస్టు పల్చగా రాసి, మరలు రెండూ సమంగా బిగించి, అప్పుడు మీటరుతో చూసి గానీ కరెంటు ఇచ్చేవాళ్లం కాదు. పేస్టు మందంగా రాస్తే గురువుగారు తుడిపించి మళ్లీ రాయించేవారు. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లామంటే ఐసీ కొన్నచోటే దానికి తగ్గ హీట్ సింకు కూడా కొనుక్కుని వచ్చేవాళ్లం. అది వేరే ఖర్చని ఎవరూ అనుకునేవారు కాదు.

అప్పటి ఆంపులు చిన్నవి కదా అంటారు. నిజమే, ఎందుకు చిన్నవో కూడా తెలుసుకోవాలి. ఇంజను నడుస్తుంటే కారులో దొరికేది 14 వోల్టుల చిల్లర. దాన్ని నేరుగా వాడితే, బ్రిడ్జి కట్టినా 4 ఓముల స్పీకరుకి 18, 20 వాట్లకు మించి రావు. టీడీఏ 2005 లాంటి ఐసీ ఇచ్చింది అంతే. ఆ వేడికి అరచేతంత అల్యూమినియం ముక్క సరిపోయేది. ఇప్పటి ఆంపుల్లో లోపలే ఇంకో సర్క్యూట్ ఉంటుంది. అది ఆ వోల్టులని పైకి లేపి, ఆ తర్వాత పాటకి ఇస్తుంది. అందుకే వందల వాట్లు వస్తున్నాయి. వాట్లతో పాటే వేడీ వస్తోంది.

లెక్క చూడండి. నిజంగా 300 వాట్లిచ్చే ఏబీ క్లాసు ఆంపు గరిష్ఠంగా మోగేటప్పుడు బ్యాటరీ నుంచి 550 వాట్ల దాకా లాగుతుంది. తక్కిన 250 అక్కడికక్కడే వేడిగా మారతాయి. పాట ఎప్పుడూ పూర్తి జోరు మీద ఉండదు కాబట్టి సగటున వేడి అంతకంటే తక్కువే. అలాగని సౌండు సగానికి తగ్గిస్తే వేడి సగానికి తగ్గుతుందనుకోకండి. ఈ రకం ఆంపు మధ్యస్థంగా మోగేటప్పుడే, లాగిన కరెంటులో ఎక్కువ వాటా వేడి కింద పోతుంది. "నేనెప్పుడూ ఫుల్లు పెట్టను బాబాయ్" అనే కుర్రాడి ఆంపు కూడా కాలిపోయేది అందుకే.

పెట్టె మీద 2000 వాట్లని ఉంటుంది. ఆ అంకె జోలికి పోకండి. ఆంపు పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడండి. 30 ఆంపియర్లవి రెండుంటే మొత్తం 60. 14తో గుణిస్తే 840. అవి లోపలికి వెళ్లే వాట్లు. ఏబీ క్లాసయితే బయటికొచ్చేది అందులో సగం పైచిలుకు. అబద్ధపు అంకెల అచ్చు మా కాలంలోనూ ఉండేది, డబ్బాల మీద పీఎంపీఓ అని వేలకు వేలు రాసేవాళ్లు. అయితే అప్పుడు మెకానిక్కు ఆ అంకె నమ్మేవాడు కాదు, ఫ్యూజు చూసేవాడు. ఇప్పుడు బిగించేవాడే డబ్బా మీది అంకె చదివి వినిపిస్తున్నాడు.

కొత్త కాలం ఇచ్చిన మంచిని కాదనను. డీ క్లాసు ఆంపులు నిజంగా గొప్పవి. లాగిన కరెంటులో 80 నుంచి 90 శాతం దాకా స్పీకరుకే ఇస్తాయి. అదే 300 వాట్లకి వేడి 50 దగ్గర ఆగిపోతుంది. సైజు కూడా చిన్నది. సీటు వెనక దాచాలనుకునేవాడు మొదట కొనాల్సింది ఇదే. మా చేతికి అప్పట్లో ఇది దొరికుంటే కళ్లకద్దుకునేవాళ్లం. కానీ ఇంత మంచి సామాను వచ్చాక జాగ్రత్త పెరగాలి గదా? తగ్గింది. "డీ క్లాసుకి వేడే రాదు" అని చెప్పి, గాలి చొరకుండా స్పాంజిలో చుట్టి పెడుతున్నారు. ఉడికిన అన్నం గిన్నెకి దుప్పటి కప్పి చల్లారమంటే చల్లారుతుందా?

పోయిన ఎండాకాలం ఒక అబ్బాయి హ్యాచ్‌బ్యాక్ తెచ్చాడు. హైదరాబాదులో బయల్దేరితే సూర్యాపేట రాకముందే పాట ఆగిపోతోంది, ఆంపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది, హోటల్ దగ్గర టీ తాగి వచ్చేసరికి మళ్లీ పాడుతోంది. బిగించినవాళ్లు ఆంపే పాడైందని కొత్తది వేశారట. అదీ అంతే. సీటు ముందుకి వంచి చూశాను. వీపున కార్పెట్ చుట్టూ కుట్టేసి ఉంది. కత్తిరిస్తే లోపల వేలెడు మందం స్పాంజి, దాని కింద ఆంపు. రెక్కలు నిలువుగా ఉండాల్సింది అడ్డంగా ఉన్నాయి. వెనక నుంచి సబ్ వూఫర్ పెట్టె దాన్ని ఒరుసుకుని కూర్చుంది. అరచెయ్యి పెడితే నిలవలేదు. లోహం 60 డిగ్రీలు దాటితే చెయ్యి నిలవదు, 80 దరిదాపులకి వస్తే చాలా ఆంపులు తమంతట తామే ఆగిపోతాయి. ఆంపులో ఏ లోపమూ లేదు. ప్రాణం దక్కించుకోవడానికి అది ఆగుతోంది, అంతే. ఇంకా ఘోరం, బిగించిన మర ఒకటి సీటు రేకుని చీల్చుకుని లోపలి ఫోమ్‌లోకి పొడుచుకొచ్చింది. ఆ సీట్లో అతని తల్లి కూర్చుని ప్రయాణం చేస్తోంది.

స్పాంజి తీసి పారేశాను. సీటు రేకు మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక బిగించి, దాని మీద ఆంపుని బుష్షులు వేసి 2 సెంటీమీటర్లు లేపి కూర్చోబెట్టాను. రెక్కలు కింద నుంచి పైకి నిలువుగా ఉండేట్టు తిప్పాను. వేడి గాలి పైకే పోతుంది, దానికి అడ్డం రాకపోతే చాలు. చుట్టూ 5 సెంటీమీటర్లు ఖాళీ, సబ్ వూఫర్ పెట్టె జానెడు వెనక్కి. మూత మళ్లీ కార్పెట్‌దే, కనపడకూడదన్న అతని కోరిక తీర్చాను. కాకపోతే ఆ మూతకి కింద, పైన చిల్లుల రేకు వేశాను. కింద అంచున 80 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, గాలి పైకి తోసేట్టు. వాటి కరెంటు రిలే మీదుగా ఇచ్చాను, ఆంపుని లేపే సన్న వైరు రిలేని మాత్రమే నడుపుతుంది. ఫ్యాన్లని నేరుగా ఆ వైరుకే తగిలిస్తే స్టీరియో లోపలి భాగం మాడుతుంది. సీటు వంచినా బిగుసుకోకుండా వైర్లకి కొంత సడలింపు వదిలాను. మిట్టమధ్యాహ్నం గంటసేపు మోగించి మళ్లీ చెయ్యి పెట్టి చూశాం, నిలిచింది. ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని మనల్ని మనం అడగడమే.

సెడాన్ కార్ల వాళ్లకి ఇంకో మాట. డిక్కీలోకి ఏసీ గాలి నేరుగా రాదు, కాబట్టి హ్యాచ్‌బ్యాక్ కన్నా అక్కడ ఉక్క ఎక్కువ. చాలా కార్లలో డిక్కీ పక్కల, బంపరు వెనకాల రబ్బరు రెక్కలున్న చిన్న గాలి దారులుంటాయి. క్యాబిన్ గాలి వాటి గుండానే బయటికి పోతుంది. వాటిని పెట్టెలతో మూసెయ్యకండి. వెనక అద్దం కింద పలకకి ఆంపుని తలకిందులుగా వేలాడదీయకండి, పైకి పోవాల్సిన వేడి తిరిగి దాని మీదే కూర్చుంటుంది. సీఎన్‌జీ సిలిండరు ఉన్న కార్లో సీటు వెనక ఆంపు ఆలోచనే వద్దు. పిల్లల సీటు పట్టీ తగిలించే కొక్కేలు సీటు వెనక ఉంటే వాటికి అడ్డం పెట్టకండి. డ్రిల్లు పట్టేముందు కింద ఏముందో చూడండి, చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది.

వైరు సంగతి చెబితే కోపం ఆగదు. మా రోజుల్లో రాగి అంటే రాగి. ఇప్పుడు కిట్ అని డబ్బాలో వచ్చే వైరుని బ్లేడుతో గీకి చూడండి, చాలావాటిలో తెల్లగా మెరుస్తుంది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. రాగి మోసే కరెంటులో 60 శాతం చిల్లరే అది మోస్తుంది. సన్న వైరుతో వోల్టులు పడిపోతే, లోపల కరెంటు సర్దుబాటు చేసుకునే ఆంపులు ఇంకా ఎక్కువ లాగుతాయి, ఇంకా వేడెక్కుతాయి. 60 ఆంపియర్ల ఆంపుకి ముందు బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా 4 గేజి అసలు రాగి, అంటే 21 చదరపు మిల్లీమీటర్లది వెయ్యాలి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఇంజను గోడ దాటేచోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింటు గీకిన బాడీ రేకుకి బిగించాలి, సీటు బెల్టు బోల్టుకి కాదు. ఆ బోల్టు ఉన్నది మనిషి ప్రాణం పట్టుకోవడానికి.

తిప్పే మర సంగతీ అంతే. గెయిన్ అంటే వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తున్నారు. పాట చిరిగి, ఆంపు ఊపిరి తిప్పుకోకుండా మోగుతుంది. 4 ఓములకి చేసిన బ్రిడ్జికి రెండు వూఫర్లు కలిపి 2 ఓములు చేసి తగిలిస్తున్నారు. కరెంటు దాదాపు రెట్టింపు, వేడి అంతకు మించి. ఆ తర్వాత ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఒకటే.

మన ఎండలు తెలిసి కూడా ఇలా చేస్తారే అన్నదే నాకు మింగుడుపడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 దాకా పోతుంది. పాట మొదలవకముందే ఆంపు అంత వేడిలో కూర్చుని ఉంటుంది. చలిదేశపు వీడియో చూసి ఇక్కడ బిగిస్తే ఎలా? లోపలి కెపాసిటర్లు 10 డిగ్రీల వేడి పెరిగినకొద్దీ ఆయుష్షులో సగం పోగొట్టుకుంటాయి. పదేళ్లు పాడాల్సిన ఆంపు రెండు మూడేళ్లకే గొంతు పోగొట్టుకుంటే, కంపెనీని తిట్టి ఇంకోటి కొంటున్నారు. ఎండాకాలం కారు ఎక్కగానే అద్దాలు దించి, ఏసీ కాసేపు నడిచాక సౌండు పెంచితే దానికెంత మేలో.

మా రోజుల్లో పని అయ్యాక కారు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, అతను వినే పాటలే, అతను పెట్టే సౌండులోనే మోగించి, వేడి చూపించి పంపేవాళ్లం. ఇప్పుడు కార్పెట్ అంచు మడిచి, ఫోటో తీసి, తాళం చేతికిస్తున్నారు. మీరు ఊరుకోకండి. మూత బిగించకముందే అడగండి: గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది? మధ్యాహ్నం ఎండలో అరగంట మోగించమనండి, ఆ తర్వాత మీ చెయ్యి మీరే పెట్టి చూడండి. మూత విప్పి చూసుకునే వీలు లేకుండా బిగించేవాడి చేతికి కారు ఇవ్వకండి. చెయ్యి నిలవకపోతే డబ్బులు ఇవ్వకండి.