పదో వంతు పోగా మిగిలిన తొంభై

విశ్వాసికి డబ్బు సంపాదించడం అంత కష్టం కాదు. సంపాదించాక ఆదివారం ముందు వరసలో కూర్చోవడమే కష్టం. ఆ ఇబ్బంది తీర్చడానికే ఈ చిట్కాలు. మనస్సాక్షి మరీ సుకుమారంగా ఉన్నవాళ్లు ఈ పేజీ తిప్పేయవచ్చు.

అన్నిటికన్నా ముందు దశమభాగం. పైసలతో సహా లెక్కగట్టండి. మొత్తం జీతం మీద ఇవ్వాలా, పీఎఫ్, పన్ను కోతలు పోయి చేతికొచ్చినదాని మీద ఇవ్వాలా అని ఉపవాస కూటంలో అయ్యగారిని అందరి ముందూ అడగండి. అబ్బ, ఎంత భక్తి అనుకుంటారు. అడిగింది పదో వంతు గురించి కాబట్టి మిగతా తొమ్మిది వంతులు ఎలా వచ్చాయన్న ఆలోచన ఎవరికీ తట్టదు. పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు తీసి, న్యాయాన్నీ కనికరాన్నీ గాలికొదిలేసిన పరిసయ్యులను యేసు గట్టిగానే మందలించాడు, మత్తయి 23లో. ఆ వచనంలో జీలకర్ర దాకా మనకు. తర్వాతి భాగం బైబిలు కాలేజీ కుర్రాళ్లు చూసుకుంటారు.

ఇక వడ్డీ. మీరు చేసేది వడ్డీ వ్యాపారం కాదు, ఆపదలో ఉన్నవాడికి సాయం. ‘నూటికి రెండు రూపాయలు’ అనండి. ఏడాదికి 24 శాతం అని ఎప్పుడూ అనకండి, వినడానికి బ్యాంకువాడి మాటలా ఉంటుంది. సహోదరుడి దగ్గర వడ్డీ పుచ్చుకోవద్దని ద్వితీయోపదేశకాండం 23లో ఉందని ఎవరైనా ఎత్తి చూపిస్తే కంగారు పడొద్దు. మందిరంలో అతను ‘బ్రదర్’, నోటు దగ్గర ‘పార్టీ’. పార్టీ దగ్గర వడ్డీ తీసుకోవద్దని మోషే ఎక్కడా రాయలేదు.

ప్రామిసరీ నోటుకు మూడేళ్లే ప్రాణం. గడువు దాటకముందే పార్టీని ఇంటికి పిలిపించండి. లక్షకు మూడేళ్ల వడ్డీ 72 వేలు. పాత నోటు చింపేసి 1,72,000కు తిరగరాయించండి. ఇక నుంచి వడ్డీకీ వడ్డీ నడుస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మీకొచ్చిన వాగ్దానం కార్డు గోడకు ఉంటుంది కదా, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టేటప్పుడు అది అతనికి ఎదురుగా కనబడేలా కుర్చీ వేయండి. సంతకం అయ్యాక ప్రార్థన చేయడం మాత్రం మరిచిపోవద్దు. నోటు తిరగరాసి లేచినవాడు చెప్పినంత తొందరగా ‘ఆమేన్’ ఇంకెవరూ చెప్పరు.

స్థలం అమ్మేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అననీయ, సప్పీరా పొలం అమ్మి, కొంత వెనకేసుకుని, వచ్చింది ఇంతేనని అపొస్తలుల దగ్గర చెప్పారు. మూడు గంటల తేడాలో ఇద్దరూ పోయారు. పాపం, అప్పట్లో వైటు, బ్లాకు అన్న సౌకర్యం లేదు. ఇప్పుడు దస్తావేజులో ప్రభుత్వ విలువ, సంచిలో మిగతాది. దశమభాగం దస్తావేజు ప్రకారం ఇచ్చేయండి. పేతురే వచ్చి అడిగినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చి చూపించొచ్చు.

మేస్త్రీ కూలి రాత్రంతా మీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం అంటుంది. శనివారం సాయంత్రం ఆలస్యం చేసి, ఆదివారం పరిశుద్ధ దినం గనుక డబ్బు ముట్టనని చెప్పండి. సోమవారానికి వాడే మెత్తబడతాడు.

సాక్ష్యం చెప్పేటప్పుడు కారు దేవుడిచ్చాడనండి, ఈఎంఐ మాట ఎత్తకండి. వెనక అద్దం మీద ‘దేవుని బహుమానం’ అని స్టిక్కరు వేయించండి. బ్యాంకు పేరు ఆర్సీలో ఉంటుంది, ఆర్సీ బీరువాలో ఉంటుంది.

పెద్దల మాట కూడా కాస్త తోడుంటే బాగుంటుంది. డబ్బు వినియోగం మీద జాన్ వెస్లీ ప్రసంగం 1760లో అచ్చయింది. అందులో సూత్రాలు మూడే: వీలైనంత సంపాదించు, వీలైనంత దాచు, వీలైనంత ఇచ్చేయి. మొదటి రెండూ పాటిస్తే 66 శాతం, మన యూనివర్సిటీల లెక్కలో ఫస్ట్ క్లాసు. పొరుగువాడి ఒంటికి గానీ ఆస్తికి గానీ హాని చేసి సంపాదించొద్దని మొదటి సూత్రం కిందే ఆయన పెద్ద జాబితా ఇచ్చాడు. అంతదూరం చదివేవాళ్లు తక్కువే.

అసలు చిక్కంతా జక్కయ్యతో. లోకం తెలిసినవాడు, సుంకరుల్లో పెద్ద తలకాయ. అలాంటివాడు ఒక్క భోజనానికి మెత్తబడి ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగు రెట్లు వెనక్కి అనేశాడు. ఎవరూ అడగలేదు. తప్పు ఒప్పుకున్నవాడు అసలు మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలని ధర్మశాస్త్రమే అంటోంది. లక్ష కాజేసినవాడు 1,20,000తో బయటపడేదానికి 4 లక్షలు వదిలించుకోవడం ఏం లెక్క? మన దగ్గరికి వచ్చి ఉంటే ఆ లక్షకు పదో వంతు, పదివేలు, కవరులో పెట్టించేవాళ్లం. రసీదు కూడా ఇప్పించేవాళ్లం. పైగా యెరికోలో మోసపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి తలుపు తట్టే అవమానం తప్పేది.

అందుకే సండే స్కూలు టీచరుకు ముందే చెప్పి ఉంచండి. జక్కయ్య పొట్టివాడు, మేడిచెట్టెక్కాడు, దిగి రమ్మన్నారు, దిగాడు. అక్కడితో ఆపేసి బిస్కెట్లు పంచాలి. లూకా 19లో ఎనిమిదో వచనం దాకా వెళితే పిల్లలు ఇంటికొచ్చి బీరువాలో ఆ నోట్లన్నీ ఎవరివి నాన్నా అని అడుగుతారు. అడిగితే, అన్నం చల్లారిపోతోంది, ముందు ప్రార్థన చెయ్యమనండి.