లాభం దగ్గర ఆగిన లెక్క

నేను ఇత్తడి సోలను. తెనాలి పక్క పల్లెలో ఒక రైతు ఇంట నా ప్రాయమంతా గడిచింది. నన్ను చేసిన చేతులు గుర్తు లేవు గానీ, నన్ను పట్టుకున్న చేతులన్నీ గుర్తున్నాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆ ఇంటి పిల్లలకు ఈ లెక్క అక్షరాలతో పాటే వచ్చేది.

తెల్లవారుతూనే ఇంటి పెద్దావిడ నన్ను బియ్యం కుండలో ముంచి, అంచు మీద అరచేత్తో ఒక్కసారి తుడిచేది. ఎక్కువైన గింజలు జారి మళ్లీ కుండలో పడేవి. ‘లాభం... రెండు... మూడు...’ అని పైకే లెక్కపెట్టేది. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకూడదు, మొదటి కొలత పేరే లాభం. పొలం వెళ్లే మనిషికి ఒక లెక్క, అరుగు మీద కూర్చునే ముసలాయనకు ఒక లెక్క. పొద్దుగూకేదాకా నాట్లు వేసి, కుప్ప నూర్చి వచ్చే ఒంటికి సోలెడు బియ్యం వండిపెట్టినా హాయిగా అరిగిపోయేది. ఇంట్లో దంచుకున్న ఆ బియ్యానికి తవుడు కూడా అంటిపెట్టుకుని ఉండేది. మనిషి పనిని బట్టే కొలత. నా బతుక్కి గర్వమంటూ ఉంటే అదే.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. కొన్నేళ్లకు అంగట్లో కిలోలు నిలిచాయి. దానికి నేనేమీ బాధపడలేదు, వంటింట్లో నా చోటు నాకుంది. ఊళ్లోకి మిల్లు బియ్యం వచ్చాయి. 1986లో మా పొరుగునే ఉన్న బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204, సాంబ మసూరి, విడుదలైంది. సన్నగా, తెల్లగా, మల్లెమొగ్గల్లాంటి అన్నం. తిన్నకొద్దీ తినాలనిపించేది. ఆ తరవాత కరెంటు కుక్కర్ వచ్చింది, దానితో పాటే ఒక ప్లాస్టిక్ కప్పూ వచ్చింది. ఆరోజు నన్ను అటకెక్కించారు.

అటక మీద ఎన్నేళ్లున్నానో! పాత దీపపు సెమ్మె ఒక పక్కన, కాలు విరిగిన పీట ఇంకో పక్కన. నా ఒళ్లంతా చిలుము పట్టి పచ్చబడింది. సాలీడు నాలో గూడు కట్టింది. కింద కుక్కర్ టక్కుమన్నప్పుడల్లా చెవులు రిక్కించేదాన్ని. ఎన్ని కప్పులు పోశారో లెక్కపెట్టే గొంతు ఒక్కనాడూ వినపడలేదు. ఇల్లు విజయవాడ అపార్టుమెంటుకు మారినప్పుడు కొడుకు నన్ను పాతసామాన్ల వాడికి వేయబోయాడు. పెద్దావిడ ఊరుకోలేదు. ‘ఉండనీరా, అది మా అత్తగారిది’ అని అడ్డుపడింది. అలా ప్రాణం దక్కించుకుని టీవీ పక్కకు చేరాను. తాళంచెవులు, రబ్బరు బ్యాండ్లు, ఎండిపోయిన పెన్నులు, ఇవీ నా కడుపులో ఉన్నవి. గింజ తగలని సోలకు అంతకన్నా దిక్కులేనితనం ఏముంటుంది?

ఒక సాయంత్రం ఆ తాళంచెవుల మీదే ఒక కాగితం వచ్చి పడింది. కొడుకు రక్తపరీక్ష రిపోర్టు. పరగడుపున చక్కెర 112, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. పరగడుపున 100 నుంచి 125 వరకు, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే అది ప్రీడయాబెటిస్. జనం బోర్డర్ షుగర్ అంటారు. అంటే జబ్బు గడప దాకా వచ్చింది, ఇంకా లోపలికి అడుగుపెట్టలేదు. డయాబెటిస్ మీద జరిగిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో 13.6 కోట్ల మంది ఈ గడప దగ్గరే ఉన్నారు.

కొడుకు భయపడి బియ్యం మానేశాడు. ఉదయం రాగిజావ, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి మూడు జొన్నరొట్టెలు. చిరుధాన్యం కదా అని కంచం నిండా వడ్డించుకున్నాడు. మూడు నెలల తరవాత చూస్తే హెచ్‌బీఏ1సీ 6.2. ‘ఇన్ని మానుకున్నా తగ్గలేదే’ అని తల పట్టుకున్నాడు. పక్కనే ఉన్నా నోరులేనిదాన్నైపోయాను. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, రాగుల్లోనూ 70కి దగ్గరగా ఉంటుంది. గింజ పేరు మారింది గానీ కొలత మారలేదు. 2025లో అదే ఇండియాబ్ బృందం ఈ మాటే చెప్పింది: మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో తింటే డయాబెటిస్ ముప్పు తగ్గినట్టు కనపడలేదు. మనవాళ్ల తిండిలో శక్తి నూటికి 62 పాళ్లు పిండిపదార్థం నుంచే వస్తోందని, అందులో కొంత తగ్గించి ఆ చోట మాంసకృత్తులు చేర్చుకుంటే ముప్పు తగ్గుతుందని లెక్కకట్టింది.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన కోడలు ‘రోజుకు ఎంత తింటారని అడిగారు అత్తయ్యా, చెప్పలేకపోయాను’ అంది. పెద్దావిడ ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చింది. తాళంచెవులు బల్ల మీద కుమ్మరించింది. చింతపండు నానబెట్టి, పీచుతో నన్ను తోమడానికి కూర్చుంది. చిలుము కరిగి నీళ్లు పచ్చగా పారాయి. అంచు దగ్గర పాత మెరుపు బయటపడగానే, వణికే చేత్తో బియ్యం డబ్బాలో ముంచింది. అంచు మీద అరచేత్తో తుడిచింది. అన్నేళ్ల తరవాత ఆ అరచేయి తగిలింది నాకు.

నాలో పట్టేది పావుకిలోకు అటూఇటూ. నలుగురున్న ఇల్లు, మనిషికి గిద్దెడు. అంతకుముందు కప్పులకొద్దీ పోసేవారు, ఇప్పుడు సగం కూడా లేదు. ఖాళీ అయిన చోట కంచంలోకి వేరేవి వచ్చాయి: బీరకాయ కూర, దొండకాయ వేపుడు, గట్టి పప్పు, ఉడికించిన గుడ్డు, అప్పుడప్పుడు చేప, చివర పెరుగు. ముందు కూర, పప్పు, ఆ తరవాతే అన్నం. పొద్దున నాలుగు ఇడ్లీల బదులు పెసరట్టు. రాత్రి తిన్నాక వీధి చివరిదాకా పావుగంట నడక. కదిలే కండ రక్తంలోని చక్కెరను తానే లాక్కుంటుంది. భోజనమైన రెండు గంటలకు కొడుకు వేలి నుంచి చిన్న రక్తపు చుక్క తీసి మీటరులో చూసేవాడు. కొర్రన్నం కుప్పగా తిన్ననాడు 168, గిద్దెడు అన్నంతో లేచిననాడు 131. ఆ మీటరు, నేను ఒకే పని చేస్తున్నాం. అది తిన్నాక కొలుస్తుంది, నేను తినకముందే కొలుస్తాను.

ఒక్క మాట. మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఇలా తగ్గించకూడదు, చక్కెర మరీ పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడగకుండా ఇలా తిండి మార్చకూడదు. ఎవరి ఒంటికి తగ్గ కొలత వాళ్లది.

ఆరు నెలలకు రిపోర్టు మళ్లీ వచ్చింది. 5.7. గడప ఇంకా దాటి రాలేదు గానీ, ముఖం ఇటు తిరిగింది. ఆ రాత్రి కోడలే నన్ను అందుకుంది. అత్తగారిలాగే అంచు తుడిచి, గిన్నెలో పోసి, ‘లాభం’ అంది. రెండో కొలతకు నన్ను మళ్లీ డబ్బాలో ముంచలేదు. ఇప్పుడా ఇంట్లో లెక్క అక్కడితోనే ముగుస్తోంది.