మూడొందల అరవై అయిదో గిన్నె

కనుమనాడు తెల్లారగట్ట నాలుగింటికి మా పెదనాన్నగారబ్బాయి నన్ను నిద్రలేపి, చేతిలో ఒక రూళ్ల నోటుబుక్కూ పెన్నూ పెట్టాడు. "పేపర్లకి రాస్తుంటావు కదరా తమ్ముడూ, లెక్క నీదే" అన్నాడు. వాళ్ల పెద్దమ్మాయికి శ్రావణంలో పెళ్లయింది. అల్లుడుగారికిది మొదటి సంక్రాంతి. 365 రకాలతో విందు పెట్టాలని దసరానాడే ఇంట్లో తీర్మానమైపోయింది. వీడియో తీసే కుర్రాడు పదింటికొస్తాడు. ఈలోగా గిన్నెల లెక్క తేలాలి.

వంటలు తినడమే గానీ లెక్కపెట్టడం నేనెరగను. అయినా భీమవరం చుట్టుపక్కల పుట్టి సంక్రాంతినాడు చిన్నాన్న హోదాలో ఉన్నాక తప్పుతుందా?

ఈ జాడ్యం ఎక్కడ మొదలైందో పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం తమ అల్లుడికి 365 రకాలు వడ్డించింది, ఏడాదిలో రోజుకొకటి లెక్కన. దేశంలో ఉన్న టీవీలన్నీ చూపించాయి. గమనించాల్సిందేమిటంటే, ఆ అబ్బాయి అప్పటికింకా అల్లుడు కాడు, కాబోయే అల్లుడు. అడ్వాన్సు అన్నమాట. ఆ జాబితాలో కూరలూ పులిహోరా బిర్యానీతో పాటు బిస్కట్లు, కేకులు, పళ్లు, కూల్‌డ్రింకులు కూడా ఉన్నాయి. 2023లో భీమవరంలో ఒకాయన 173 రకాలు పెట్టాడు. పాపం, నిదానస్తుడు. 2025లో యానాం వాళ్లు 470కి ఎగబాకారు. "యానాం లెక్క మనకి చెల్లదురా, అది పుదుచ్చేరి సర్కారు" అని మా అన్నయ్య కొట్టిపారేశాడు. పెళ్లి సంగతుల్లో యానాం లెక్క చెల్లని రోజు ఒకటుందా? శారదా చట్టం 1929లో వచ్చి బాల్యవివాహాలకి అడ్డుపడితే, మన పెద్దలు పిల్లల్ని బండ్లెక్కించుకుని ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఆ ఊరికి పోయి తాళి కట్టించుకొచ్చారు. యానానికి కల్యాణపురమని పేరొచ్చింది అందుకే.

సరే, లెక్క. నాలుగు బల్లలు కలిపి తెల్లదుప్పటి పరిచారు. దాని మీద ఐస్‌క్రీం కప్పులు. ఒక్కో కప్పులో చెంచాడు. చెంచాడంటే పది గ్రాములు వేసుకోండి, అన్నీ తింటే మూడు కిలోల ఆరొందల యాభై గ్రాములు. ఆ అబ్బాయి బరువు అరవై రెండు కిలోలు.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. నాటుకోడి పులుసు, గారెలు, రొయ్యల వేపుడు, పీతల ఇగురు, పండుగప్ప, కొరమీను, పనసపొట్టు కూర, గుత్తొంకాయ, అరిసెలు, పోకుండలు, జంతికలు, సున్నుండలు, బెల్లం గవ్వలు. ఇవి వదిన చేతివి. ఆవిడ రెండింటికే లేచింది. తర్వాత తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా, ఆత్రేయపురం పూతరేకులు. ఇవి పార్సిలు చేతివి. పూతరేకుల్లో బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూటువి వేరువేరుగా మూడు కప్పులు, మూడు అంకెలు. నూట నలభై దాటేసరికి వంట పని అయిపోయింది, అంకెల పని మిగిలింది. పచ్చళ్లు ముప్పై ఒకటి. అన్నం తెల్లన్నం ఒకటి, వేడన్నం ఒకటి. పాలు, పాలమీగడ, పెరుగు, పెరుగు మీద మీగడ, మజ్జిగ, మజ్జిగలో ఉప్పేసింది, ఉప్పెయ్యంది. ఆపిల్ ముక్కలు ఎర్రవి, పచ్చవి. ఒకే చిప్స్ కంపెనీ నాలుగు రుచులు నాలుగు కప్పుల్లో. మంచినీళ్లు, వేణ్నీళ్లు, ఐసు.

"అన్నయ్యా, నీళ్లు కూడానా?"

"వేణ్నీళ్లు కాచారా లేదా? కాస్తే అది వంటకమే."

ఆయ్, నిజమే. నేనెవర్ని కాదనడానికి?

పులస పులుసు కప్పు దగ్గర మాత్రం నా పెన్ను ఆగింది. పులస వరదనీటికి ఎదురీదుతూ సముద్రంలోంచి గోదావరిలోకొచ్చే చేప. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం దాని రుతువు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టింది ఆ రెండు మూడు నెలల కోసమే. జనవరిలో గోదావరిలో దానికేం పని? అడిగితే, వరదల్లో కొని ఫ్రీజర్లో దాచారట. ఆ అమ్మాయి మెడలో పుస్తెలు పడేనాటికే ఆ చేప ఫ్రీజర్లో పడిందన్నమాట. సామెతకిది కొత్త వ్యాఖ్యానం.

తొమ్మిదిన్నరకి నా లెక్క 364 దగ్గర నిలిచింది. ఇల్లంతా కంగారు. ఎదురింటివాళ్లు కిందటేడు 251తో సరిపెట్టుకుని ఏడాదంతా తలదించుకున్నారు, మనం 364తో ఆగితే ఊళ్లో ఉండలేమంటాడు అన్నయ్య. ఎవరో తమలపాకన్నారు, అది 288. ఎవరో సోంపన్నారు, అది 289. చివరికి నేనే అలమార్లోంచి ఒక ఈనో ప్యాకెట్టు తీసి, గ్లాసుడు నీళ్లలో కలిపి, బల్ల చివర పెట్టాను. బుసబుసమని పొంగింది. వీడియో కుర్రాడికి అదే బాగా నచ్చింది. దానిమీద దగ్గరగా రెండు సార్లు తిప్పాడు కెమెరా.

వీడియో కింద "తరతరాల గోదారోళ్ల మర్యాద" అని పెట్టారు. ఏ తరం చెప్మా? 1832-33లో నందన కరువు కోస్తాని పీల్చి పిప్పిచేసిన తరమా? 1839లో ఉప్పెన కోరంగిని ఊడ్చుకుపోయిన తరమా? కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాక గదా ఈ కాలవలూ, ఈ వరీ, ఈ కడుపునిండిన పొగరూ! ఊరూరా ఆయన విగ్రహానికి దండలేస్తాం గదా, ఆ మాట మాత్రం మరిచిపోతే ఎలా? మా నాయనమ్మ కొత్త అల్లుడికి పెట్టింది నాటుకోడీ గారెలూ, అంతే. కానీ ఆయన చాలంటున్నా వినకుండా, చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిమీదే ఇంకో గారె వేసేది. గోదారి మర్యాదంటే ఆ కొసరు. ఇప్పుడు కొసరేదెవరు? విస్తరి దగ్గర నిలబడ్డ పదకొండు మంది చేతుల్లోనూ ఫోన్లే.

ఇంకో మాట వింటుంటాం, "మేమేమీ అడగలేదండీ, వాళ్లే ముచ్చటపడ్డారు" అని. వెనకటి అల్లుడు నయం. అలకపాన్పెక్కి, ముఖం అటు తిప్పుకుని, సైకిలు కావాలనో వాచీ కావాలనో నోరు తెరిచి అడిగేవాడు. బేరం బహిరంగం. సైకిలిస్తే దిగొచ్చేవాడు. ఇప్పటివాళ్లు అలగరు, అడగరు. అడగనివాళ్లకి ఎంత ఇస్తే సరిపోతుందో ఏ మావగారికి తెలుస్తుంది? అందుకే పైమెట్టంటూ లేకుండా పోయింది. 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి ఒక తండ్రి యానాంలోని కూతురి అత్తారింటికి సారె పంపాడు. టన్ను చేపలు, టన్ను కూరగాయలు, పది మేకలు, యాభై కోళ్లు, ఇంకా పచ్చళ్ల జాడీలూ స్వీట్లూ. లారీలు వెళ్తుంటే జనం నిలబడి చూశారు. కరోనా ఏడాది అది. అవతలివాళ్లు అడిగారని ఎవరూ అనలేదు, అననక్కర్లేదు కూడా.

వరవిక్రయం రాసిన కాళ్లకూరి నారాయణరావుగారిది మా గోదావరి సీమే. అది 1939లో సినిమా కూడా అయింది, భానుమతికి మొదటి సినిమా. ఆ నాటకంలో కట్నానికో అంకె ఉంది, ఆ అంకె మీద తగువుంది. ఇప్పుడు నాటకం రాద్దామంటే ముడిసరుకేదీ? అంకెంతా గిన్నెలకెక్కింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దాని కింద 1985లో చేసిన నిబంధనల్లో ఒక చక్కటి ముచ్చటుంది. పెళ్లిలో వధూవరులకిచ్చిన ప్రతి కానుకకీ జాబితా రాయాలి. వస్తువేమిటి, విలువెంత, ఇచ్చిందెవరు, ఏం చుట్టరికం అన్నీ రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అలాంటి జాబితా ఏ పెళ్లింట్లోనైనా చూశారా? నేను చూడలేదు. మొదటిసారి నా చేత రాయించిన జాబితాలో ఇరవై మూడో అంశం కరకజ్జం, నూట తొంభయ్యోది పైనాపిల్ కేకు.

అల్లుడుగారి సంగతి చెప్పలేదు కదూ. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు. మంచివాడు. ముందురోజు రాత్రి కోడిపందేల బరి దగ్గర దుమ్ములో నిలబెట్టారు, అంతకు ముందురోజు కొత్త సినిమా రెండో ఆటకి తీసుకెళ్లారు. అల్లుడికి వినోదం కూడా మనమే వడ్డించాలి గదా. నిద్రలేని కళ్లతో బల్ల ముందు కూర్చున్నాడు. వీడియో కోసం ఒక్కో కప్పూ ఎత్తి, వాసన చూసి, దింపాడు. అది నలభై నిమిషాలు. తర్వాత గారెలు రెండు, నాటుకోడి పులుసు, కాస్త పెరుగన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. మిగిలిన కప్పులన్నీ మధ్యాహ్నానికి ఒకదాంట్లో ఒకటి ఒలికి, పీతల ఇగురు మీద కోవా తేలింది. వెనకటికైతే పశువులకైనా వేసేవాళ్లం, కనుమ వాటి పండగే. వరి తీసి చెరువులు తవ్వాక ఇంట్లో గేదె ఏదీ? చెరువులో చేపలకేమో మైసూర్‌పాకు పడదు.

పెళ్లికూతురు ఎక్కడుందా అని నాకు సందేహమొచ్చింది పదకొండు దాటాక. ఆ నాలుగు బల్లల వీడియోలో ఆమె లేదు. పెరటి వసారాలో, ధాన్యం బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కూర్చుంది. కనుమకి వాళ్ల ఆఫీసు సెలవివ్వదు. ఉన్న సెలవులు పెళ్లికే అయిపోయాయి. కొత్త అల్లుడు కాబట్టి మొగుడు సెలవు పెట్టాడు. కొత్త కూతురంటూ ఉండదు గదా, ఆమె పెట్టలేదు.

"ఎలా ఉన్నావమ్మా?" అన్నాను.

ఇయర్‌ఫోను ఒకటి తీసి నావంక వింతగా చూసింది. "వచ్చి మూడు రోజులైంది బాబాయ్, ఈ మాట అడిగినవాళ్లు మీరే" అంది.

కాల్ అయ్యేదాకా ఆగి కబుర్లు చెప్పింది. పొద్దున్న ఆఫీసుకి గంటన్నర, సాయంత్రం గంటన్నర. వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని. వంట చెరో పూట అని ఒప్పందం, కుక్కరు గిన్నె కడిగే ఒప్పందం మాత్రం ఇంకా తెగలేదు. ఆయన ఉల్లిపాయ కోస్తే ఏడుస్తాడట, అందుకని ఉల్లి లేని కూరలు నాలుగు నేర్చుకున్నాడట. రాత్రి భోంచేస్తూ ఏదో సిరీస్ మొదలెడతారు, రెండో భాగం మధ్యలో ఇద్దరూ సోఫాలోనే నిద్రపోతారు, ఆర్నెల్లయింది ఒక్కటీ పూర్తి కాలేదు. ఆదివారం బట్టలు, సరుకులు, అమ్మకి ఫోను. "అమ్మ అడిగేది ఒకటే బాబాయ్, అతను ఏం తిన్నాడు అని."

వాళ్లింట్లో వారానికి ఎన్ని రకాలు వండుకుంటారని అడిగాను, వృత్తిధర్మంగా. వేళ్లు మడిచింది. పప్పు, గుడ్డు కూర, టమాటా చారు, ఆ ఉల్లి లేని నాలుగు. ఏడు.

సాయంత్రానికి వీడియోకి లైకులు వేలల్లోకి వెళ్లాయి. వరండాలో కుర్చీలేసుకున్నాం. అన్నయ్య గొంతు సవరించుకుని, "చిన్నదాని పెళ్లికి ఐదొందలు కొడదాంరా" అన్నాడు. చిన్నది ఇంటర్ రెండో సంవత్సరం. గడప మీద కూర్చుని నా నోటుబుక్కు తిరగేస్తోంది.

"నాన్నా, నాకు ఐదొందలొద్దు. అక్కకి పెట్టినన్నే చాలు, 365" అంది. ఆయన మురిసిపోయాడు. "కానీ కప్పులొద్దు. ఒక్కో కప్పుకి ఒక్కో సెంటు రాసివ్వు. మూడెకరాల అరవై అయిదు సెంట్లు."

అన్నయ్య చెరువు మొత్తం నాలుగెకరాలు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ సమాన వాటా అని మన రాష్ట్రం 1985లోనే అంది, ఎన్టీఆర్ హయాంలో. దేశానికి ఆ బుద్ధి 2005లో పుట్టింది. ఆ పిల్లకి ఈ సంగతి తెలిసి అందో, సివిక్స్ పాఠం ఇంకా అక్కడిదాకా రాలేదో నాకు తెలీదు.

వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వదిన మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. నవ్వో, ఏడుపో, పొద్దున్న రెండింటినుంచీ నిలబడ్డ కాళ్లో. అన్నయ్య నావంక తిరిగి, "బల్లమీద ఆ ఈనో గ్లాసు ఇంకా ఉందంట్రా?" అన్నాడు.

ఉంది. పొంగు చల్లారిపోయింది, అంతే.