పిల్లల కోడింగ్ యాప్ చేసేవారికి అమూల్యమైన సలహాలు

వేటపాలెం పిల్లల కోసం ప్రోగ్రామింగ్ యాప్ చేద్దామనుకుంటున్నారా? శుభం. ముందు పిల్లల్ని దూరంగా పెట్టండి. వాళ్ళ చేతికిస్తే ప్రతి మీటా నొక్కి, ఏది పనిచెయ్యదో పది నిమిషాల్లో తేల్చేస్తారు. హెడ్మాస్టరు గారికి చూపించండి. ఆయన టీ తాగుతూ "బావుందండీ" అంటారు. పరీక్ష అయిపోయినట్టే.

తెరవగానే ఈమెయిలు అడగండి. ఏడేళ్ళ పిల్లకి అది ఉండదు కాబట్టి ఓటీపీ వాళ్ళ నాన్న ఫోనుకి పంపండి. ఆయన పనిమీద చీరాల వెళ్ళుంటాడు. ఓపిక అలవడేది అక్కడే.

భాష ఇంగ్లీషే ఉంచండి. "పది అడుగులు ముందుకు" అని తెలుగులో రాస్తే పిల్ల చదివేసి, పదిని వంద చేసి కూడా చూస్తుంది. 2014లో స్క్రాచ్ జూనియర్ యాప్ వాళ్ళు మరీ బరితెగించి, చదవడం రాని అయిదేళ్ళ వాళ్ళకి బొమ్మల దిమ్మెలు పెట్టారు. 1967లో లోగో భాష చేసిన సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్ బృందం దారి ఇంకా అన్యాయం. అందులో గీతలు గీసే తాబేలు ఎటు తిరగాలో తోచకపోతే పిల్లలు తామే లేచి నడిచి చూసుకోవచ్చట!

తప్పు చేస్తే "సింటాక్స్ ఎర్రర్, 14వ లైను" అని ఎర్రగా చూపండి. అసలు తప్పు 13లో ఉంటే మరీ మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల్ని ఊళ్ళోని జకార్డు మగ్గం దగ్గరికి పోనివ్వకండి. మగ్గానికి తగిలించిన అట్టలో చిల్లున్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే బుటా మారుతుంది. 1804 నాటి ఈ ఏర్పాటు చూసే ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు తలపెట్టాడు. చిక్కల్లా, మగ్గం దేన్నీ దాచదు. బుటా తప్పితే గుడ్డ మీదే తెలిసిపోతుంది. నేతగాడు ఆ నాలుగు పేకలూ ఊడదీసి మళ్ళీ నేస్తాడు, ఎవరి అనుమతీ అడగడు. అది చూస్తూ పెరిగిన పిల్ల మీ యాప్‌లో వెనక్కి వెళ్ళే మీట ఏదని అడుగుతుంది. ఏం చెబుతారు?

ఊళ్ళో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయమూ ప్రమాదమే. అక్కడ పుస్తకాన్ని నచ్చిన పేజీలో తెరవొచ్చు. మీ దగ్గర రెండో పాఠం పూర్తికానిదే మూడోది తెరుచుకోకూడదు.

పిల్ల చేసిన బొమ్మని దాచుకునే వీలు అక్కర్లేదు. సర్టిఫికెట్ మాత్రం మొదటి పాఠం అవగానే ఇచ్చెయ్యండి, ఫొటో అతికించే చోటుతో సహా. వాళ్ళ నాన్న చీరాల నుంచి వచ్చాక దాన్నే స్టేటస్‌లో పెట్టుకుంటాడు.