తలసరి బావగారు

ఏ వస్తువు చూసినా "ఇది ఎంతమందికి సరిపోతుంది?" అని అడిగే మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకడుంటాడు. ఆటోలో నలుగురు ఎక్కాక ఐదోవాడికి చోటు చూపించేది వాడే. ఒక్క దినపత్రిక తెప్పించి మూడు వాటాలవాళ్లకు గంటల లెక్కన తిప్పేదీ వాడే. పిసినారి అనడానికి వీల్లేదు, డబ్బు బాగానే ఖర్చు పెడతాడు. కాకపోతే పెట్టిన ప్రతి రూపాయీ కనీసం నలుగురికి పనికొచ్చిందని రుజువు కావాలి. మా అక్క మొగుడు ఈ వంశానికి మూలపురుషుడు. పైగా ఆడిటరు.

ఎనభైల చివర విజయవాడ గవర్నర్‌పేటలో ఆయన ఆఫీసుకు 286 పీసీ-ఏటీ వచ్చింది. ఒక మెగాబైటు మెమరీ, 40 మెగాబైట్ల హార్డ్ డిస్కు. ఆ డబ్బుకు ఊరి చివర స్థలం వచ్చేదని అక్క ఇప్పటికీ అంటుంది. ఆ స్థలం ఇవాళ ఎంత పలుకుతుందో కూడా అంటుంది, ఆ గొడవ మనకొద్దు. కంప్యూటరుకో ఏసీ గది, గుమ్మం బయట చెప్పుల వరస, లోపల ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీయే బావగారి కంట్లో నలుసైంది. ఆర్టికల్స్ చేసే కుర్రాళ్లు నలుగురు. ఒకడు టైపు కొడుతుంటే ముగ్గురు వెనకాల నిలబడి వాడి తప్పులు లెక్కపెట్టేవాళ్లు.

ఆయన కోపమంతా ఒకసారికి ఒక్కణ్ణే వాడనిచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ మీదికి మళ్లింది. "ఏమోయ్ బావమరిదీ, ఆన్ చేస్తే సీ కోలన్ అని మెరుస్తుందే గానీ 'నువ్వెవరు బాబూ' అని ఒక్క మాట అడగదే! ఈ చిప్పును ఇంటెల్ వాడు 1982లోనే చేశాడట. ఒక ప్రోగ్రాము జాగాలోకి ఇంకోటి జొరబడకుండా కాపలా కాసే ఏర్పాటు అందులోనే ఉందట. డాస్ దాన్ని ముట్టుకోదు. అంటే మనం డబ్బు కట్టిన ఆస్తి మూలన పడి ఉన్నట్టేగా?" ఆడిటరుకు అంతకంటే మనస్తాపం కలిగించే సంగతి ఇంకోటి ఉండదు.

అప్పుడు మొదలైంది ఎర్ర అట్ట పుస్తకం. ఎడమ గడిలో సిస్టమ్ పేరు, పక్కన ధర, తర్వాత ఎంతమంది వాడవచ్చు, ఎంత మెమరీ కావాలి, ఆఖరి గడిలో తలసరి. ధరను మనుషులతో భాగించగా వచ్చిన అంకె అది. ప్రపంచంలో ఎవరూ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అలా ఎంచుకుని ఉండరు. హైదరాబాదులో ప్రోగ్రామరు ఉద్యోగం చేస్తున్న ఒక్క నేరానికి నాకు ఆదివారాలు పొద్దుపోయాక, పావు రేటు వేళ చూసుకుని ఎస్టీడీ కాల్ వచ్చేది. కుశల ప్రశ్న ఒక్కటీ ఉండేది కాదు. "జెనిక్స్‌కి రెండు మెగాబైట్లు ఉంటే గానీ కుదరదంటున్నాడు డీలరు, నిజమేనా?" అనేవారు ఎత్తగానే.

జెనిక్స్ పుస్తకంలో మొదటి వరస. ఏటీ అండ్ టీ నుంచి యూనిక్స్ లైసెన్సు తీసుకుని మైక్రోసాఫ్ట్ 1980లో దానికి ఆ పేరు పెట్టింది. దాన్ని పీసీల మీదికి తెచ్చింది ఎస్‌సీఓ, 1987కల్లా జెనిక్స్ పూర్తిగా ఆ కంపెనీ చేతిలోకే వచ్చింది. డాస్ అమ్మిన కంపెనీ అంతకు ముందే మల్టీయూజర్ సిస్టమ్ దగ్గర పెట్టుకుని కూర్చుందని తెలిసిన పూట బావగారికి అన్నం సయించలేదు. "తెలిసి తెలిసి మనకు ఒంటికాయ సొంఠికొమ్మును అంటగట్టాడు" అన్నారు. అయినా జెనిక్స్ కొన్నారా అంటే, లేదు. సిస్టమ్‌కు ఒక ధర, సీ కంపైలరున్న డెవలప్‌మెంట్ సిస్టమ్‌కు వేరే ధర, ఉత్తరాలూ పత్రాలూ దిద్దుకునే టెక్స్ట్ ప్రాసెసింగ్‌కు ఇంకో ధర. మూడూ కూడి నాలుగుతో భాగించి పెన్ను మూత పెట్టేశారు. మర్నాడు మళ్లీ తీసి ఆరుతో భాగించారు.

"కుర్రాళ్లు నలుగురే కదా బావా?"

"రేపు ఇంకో ఇద్దరిని పెట్టుకోకూడదా? తలసరి ఎంత తగ్గుతుందో చూడు."

డిజిటల్ రీసెర్చ్ వాళ్ల కంకరెంట్ డాస్ సంగతి నేనే చెప్పాను. టెర్మినళ్లు తగిలించుకోవచ్చు, డాస్ ప్రోగ్రాములూ చాలావరకు నడుస్తాయి. ఆయన ఆఫీసుకు అతికినట్టు సరిపోయేది అదొక్కటే, ఈ మాట ఇవాళ కూడా అంటాను. ఆయన పేరు చదివి పుస్తకం మూశారు. "డాస్ అని దాని పేరులోనే ఉందిగా!" తర్వాత మినిక్స్. ఆమ్‌స్టర్‌డామ్‌లో తానెన్‌బామ్ అనే ప్రొఫెసరు 1987లో పాఠ్యపుస్తకంతో పాటు తెచ్చాడు. సుమారు పన్నెండు వేల లైన్ల సోర్స్ కోడ్, పీసీ మామూలుదైనా చాలు, ధరా తక్కువే. తలసరి లెక్కలో దానికే మొదటి ర్యాంకు. కానీ అది విద్యార్థుల కోసం రాసిందని తెలిశాక బావగారు నసిగారు. "మనవాళ్లు అసలే చదువు మీద ఉన్నారు. ఇది కూడా పెడితే లెక్కలెవరు చూస్తారు?"

చివరికి నెగ్గింది కొహెరెంట్. చికాగోలో మార్క్ విలియమ్స్ కంపెనీ యూనిక్స్‌ను చూసి మొదటి నుంచీ సొంతంగా రాసుకున్న సిస్టమ్ అది. ధరను 99 డాలర్ల 95 సెంట్లకు దించారు, సీ కంపైలరు అందులోనే కలిపి. ఆ అయిదు సెంట్ల తగ్గింపు బావగారి మనసు దోచుకుంది. ఇది యూనిక్స్‌కు దొంగ నకలేమో చూసి రమ్మని ఎనభైల మొదట్లో ఏటీ అండ్ టీ పంపిన వాళ్లలో సాక్షాత్తూ డెనిస్ రిచీ ఉన్నాడు. యూనిక్స్ పుట్టించిన ఇద్దరిలో ఒకడు. నకలు కొట్టిన ఆనవాలేదీ ఆయనకు దొరకలేదు. చాలా ఏళ్ల తర్వాత రిచీయే ఈ సంగతి బయటపెట్టినప్పుడు బావగారు పావు రేటు దాకా కూడా ఆగకుండా నాకు ఫోన్ చేశారు. "చూశావా, ఆడిట్‌లో క్లీన్ రిపోర్టు! నేను ఎంచుకున్నది!"

చికాగోలో ఉన్న మేనల్లుడు సెలవులకు వస్తూ ఆ డబ్బా మోసుకొచ్చాడు. గుప్పెడు ఫ్లాపీలు, వెయ్యి పేజీలు దాటిన మాన్యువలు. ఫ్లాపీల కంటే ముందు ఆ పుస్తకానికి పసుపూ కుంకుమా పెట్టింది అక్క, బరువు చూసి ఏదో పురాణం అనుకుని.

వైర్ల భాగవతం చెప్పకుండా ఉండలేను. వేలంలో పట్టుకొచ్చిన పచ్చ అక్షరాల టెర్మినళ్లు, పీసీ వెనక సీరియల్ పోర్టులు, నడుమ మూడు తీగలు. బావగారు లుంగీ ఎగ్గట్టి టేబులు కింద బాసింపట్టు వేసుకుని, టంకం పెడుతూ పైకే వల్లించేవారు. "రెండు మూడుకి, మూడు రెండుకి, ఏడు ఏడుకి." ఇటు పంపేది అటు వినాలి గదా, అందుకే రెండూ మూడూ అడ్డంగా మారాలి. ఆ సూత్రం మేనల్లుడికి చెప్పారు, కుర్రాళ్లకు చెప్పారు, కాఫీ తెచ్చిన హోటలు పిల్లాడికీ చెప్పారు. తీరా కలిపాక మూడో టెర్మినలు కదిలితే మొదటిది బిగుసుకుపోతుంది. పీసీలో ఒకటో సీరియల్ పోర్టుకూ మూడోదానికీ ఇంటరప్టు లైను ఒక్కటే, రెండుకూ నాలుగుకూ ఇంకొకటి. ఆ చిక్కు విడాలంటే వేరే మల్టీపోర్టు కార్డు కొనాలి, దాని ధర కొహెరెంట్ ధరను మించిపోయింది. దాంతో నలుగురనుకున్నది పీసీ ముందు ఒకడు, టెర్మినళ్ల మీద ఇద్దరుగా తేలింది. ఆ రోజు తలసరి గడిని ఆయన పెన్సిలుతో దిద్దారు, సిరా వాడలేదు.

అయినా ఆయన ముఖం చూడాల్సింది! తెర మీద లాగిన్ అని వెలిగింది, "నువ్వెవరు బాబూ" అని అడిగే యంత్రం దొరికింది. కుర్రాళ్లకు తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డు. అన్ని అధికారాలూ ఉన్న రూట్ మాత్రం బావగారు. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన ఇనప్పెట్టె తాళాలు మొలతాడుకు కట్టుకున్నట్టు ఆ పాస్‌వర్డు ఆయన నోరు దాటి బయటికి రాలేదు. కొన్ని నిమిషాలకోసారి 'హూ' అని కొట్టి ఎవరెవరున్నారో చూసుకోవడం, ఒక్క గజం దూరంలో కూర్చున్న వాళ్లకు 'వాల్' అనే ఆజ్ఞతో సందేశాలు పంపడం. నోటితో చెబితే వినబడేదే! తెరల మీద అడ్డంగా వచ్చి పడేది. టీ వచ్చింది. ఫ్యాన్ కట్టేయండి. ట్రయల్ బ్యాలెన్స్ ఏదీ. కుర్రాళ్లు మాన్యువలు వెతికి సందేశాలు రాకుండా ఆపే ఉపాయం కనిపెట్టారు. వాళ్ల కంటే ముందు ఆ పేజీ బావగారు చదివేశారు: రూట్ పంపే సందేశానికి ఆ అడ్డు ఉండదు.

ఇక కరెంటు. మన వేసవి సంగతి మీకు తెలుసు. యూనిక్స్ తరహా సిస్టములు రాసినదంతా అప్పటికప్పుడు డిస్కుకు ఎక్కించవు, కొంత మెమరీలో అట్టేపెట్టి తర్వాత రాస్తాయి. ఆ సందులో కరెంటు పోయిందా, మళ్లీ వచ్చాక ఎఫ్ఎస్‌సీకే నడిపి డిస్కంతా సరిచూసుకోవాలి. ఏ బ్లాకు ఎవరి ఖాతాలో ఉంది, ఒకే బ్లాకు రెండు ఖాతాల్లో పడిందా, ఖాళీ అని రాసుకున్నది నిజంగా ఖాళీయేనా, ఏ ఫైలుకు దిక్కు లేదు? అది ఒక్కొక్కటీ అడుగుతుంది, మనం అవునో కాదో చెప్పాలి. కుర్రాళ్లు తల పట్టుకునేవాళ్లు. బావగారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో ప్రశ్నకూ ఆలోచించి 'వై' నొక్కేవారు. "ఇది అచ్చంగా ఆడిటేనోయ్! టాలీ అయ్యేదాకా వదలదు." దిక్కులేని ఫైళ్లను లాస్ట్ అండ్ ఫౌండ్ డైరెక్టరీలో అంకెల పేర్లతో పడేస్తే, అవి ఎవరివో పోల్చి ఎవరి ఫైలు వాళ్లకు అప్పగించేవారు. ఒకోసారి కరెంటు పోకపోతే ఆయన కాస్త దిగులుగా ఉన్నట్టు నాకు తోచేది.

అసలు లోపం ఇంకోటి. ఆఫీసు లెక్కల ప్యాకేజీ డాస్‌ది, కొహెరెంట్ మీద నడవదు. పైగా 286 మీద ఆ కొహెరెంట్‌లో ఒక్కో ప్రోగ్రాము కోడ్ 64 కిలోబైట్లు దాటకూడదు, అలాంటి పెద్ద ప్యాకేజీ దానికి తెచ్చిపెట్టేవాడూ లేడు. కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా డాస్ పెట్టి, పాత పద్ధతిలోనే ఒకడు కూర్చుంటే ముగ్గురు నిలబడి క్లయింట్ల లెక్కలు. ఆఫీసు వేళ దాటాక రీబూట్ చేసి కొహెరెంట్. అప్పుడు ముగ్గురికీ కుర్చీలుండేవి, చేయడానికి పని ఉండేది కాదు. ఒకే గదిలో ఒకళ్లకొకళ్లు మెయిల్ రాసుకునేవాళ్లు. ఊరుకోలేక ఒకడు ఆ మాన్యువలు ముందేసుకుని సీ నేర్చుకున్నాడు. ఆడిట్ వదిలేసి ప్రోగ్రామరై అమెరికా వెళ్లాడు, బావగారికి ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. ఈ ఒక్క పద్దు ఆ ఎర్ర అట్ట పుస్తకంలో ఏ గడిలో వేయాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

1995లో మార్క్ విలియమ్స్ కంపెనీ మూతపడింది. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో 386 మీద మొదలుపెట్టిన లినక్స్ అప్పటికే ఊపు మీదుంది, మన దగ్గరికీ కంప్యూటరు పత్రికతో పాటు సీడీగా వచ్చింది. ఎంతమందైనా వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. బావగారు సంతోషిస్తారనుకుని నేనే పట్టుకెళ్లాను. ఆయన సున్నాను నాలుగుతో భాగించారు, ఆరుతో భాగించారు, పదితోనూ భాగించారు. తలసరి గడిలో అంకె మారదు, ఇంకెందుకా పుస్తకం? "ఊరికే వచ్చిందంటున్నావు, మరి వోచరు ఏదీ?" అని సీడీ బీరువాలో పెట్టారు. ఈలోపు పీసీల ధరలు దిగొచ్చి కుర్రాళ్లకు తలా ఒకటి వచ్చేసింది. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి డాస్ వాళ్లది.

ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. ఆండ్రాయిడ్ ఫోను కిందా లినక్స్ కెర్నెలే ఉందనీ, అందులో ఒక్కో యాప్‌కు ఒక్కో యూజర్ నంబరు కేటాయిస్తుందనీ మనవడు చెప్పిన దగ్గర్నుంచీ ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకుంటున్నారు. "పైకి నేనొక్కణ్ణే, లోపల వందమంది కాపురముంటున్నారు" అని వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నారు. మనవడి పాత ల్యాప్‌టాప్‌కు ఏ లినక్స్ వేయాలన్నది ప్రస్తుత విచారణ. డెబియన్, మింట్, ఉబుంటు, ఫెడోరా పేర్లతో కొత్త పుస్తకం తయారైంది, ధర గడి లేకుండా. ఈమధ్య మెమరీని మనుషులతో భాగిస్తున్నారు. నిర్ణయం దగ్గరపడిందని అక్క ఆశగా ఉంది. మీలో ఎవరికైనా ఇంకో మంచి లినక్స్ పేరు తెలిసి ఉంటే, దయచేసి ఆయనకు చెప్పకండి.